మొరాయించు కారు అద్దములు



ఈ శీర్షికలో ఇంతవఱకు వంటయింటి సంగతులు, పసిపిల్లల సంగతులు, పాత కావ్యముల సంగతులు వ్రాయుచు వచ్చితిమి. ఈ మాసము కారు అద్దములను గూర్చి వ్రాయబూనుట చూచి, ఇది గృహిణుల కేల యని కొందఱు నవ్వవచ్చును. అయినను కారు బాగుచేయించు సొమ్ము ఇంటిపెట్టె నుండియే పోవుచున్నది. వెనుక ఆసనమున అద్దము ప్రక్కన పిల్లలతో కూర్చుండువారమును మనమే. కావున ఇది మన విషయమే యని మా తలంపు.

మేముండు అరకులోయ తూర్పుకనుమలలో, సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీన ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. విశాఖపట్టణమునుండి వచ్చువారికి శృంగవరపుకోట దాటిన పిమ్మట కొండదారి మొదలగును. అనంతగిరి కాఫీతోటల నడుమ మలుపు వెంట మలుపుగా ఎక్కవలయును. ఈ దారి శోభను వర్ణించినవారు పెక్కండ్రు గాని, ఇది కారు అద్దములను పెట్టు బాధను వర్ణించినవారు మాకు కనబడలేదు. వేసవిలో ఎఱ్ఱదుమ్ము, పిదప నెలల తరబడి వాన, వలిసెచేలు పసుపు పఱచినట్లు పూచు కార్తికమున మంచు, పుష్యమాసమున చలి. ఎండకు రబ్బరు గట్టిపడును. దుమ్ము వచ్చి దానిలో చేరును. మంచు ఆ దుమ్మును బురదగా చేయును. చలికి అంతయు బిగుసుకొనును. పది పదునైదేండ్ల కారునకు ఇంతకంటె నేమి కావలయును? మీట నొక్కినచో అద్దము ముసలియెద్దువలె కదలి, నడుమ నిలిచి, మరల మూలుగుచు లేచును.

అద్దము మెల్లగా లేచినంత మాత్రమున వచ్చిన నష్టమేమి యని యడుగుదురేమో. కొండదారిలో పిల్లలకు కడుపులో త్రిప్పుట తల్లులందఱు నెఱిగినదే. “అమ్మా” యని బిడ్డ పిలుచుటకును వాంతి యగుటకును నడుమ మిగులునది నాలుగైదు సెకనులు మాత్రమే. ఆ లోపల అద్దము దిగవలయును. మంచు కమ్మిన మలుపులో ఎదుటి బండి హారను వినబడుటకై అద్దము దింపుదుము; మఱుక్షణమున వానజల్లు కొట్టినచో ఎత్తుదుము. దిగినది లేవకున్నచో తడియునవి చీరలు, పెట్టెలు మాత్రమే కావు. తలుపులోని మీటలును, తీగెలును తడియును. అంతటితో మఱియొక మరమ్మతు సిద్ధమగును.

విద్యుత్తుతో నడచు అద్దములు క్రొత్తవి కావు. 1940 ప్రాంతముననే అమెరికా దేశపు ప్యాకర్డు కార్లలో మీట నొక్కిన లేచు అద్దము లుండెడివి. మన దేశమున మాత్రము అంబాసిడరు కారును, 1983లో వచ్చిన మారుతి 800ను చేతిపిడి త్రిప్పుకొను అద్దములతోనే మన పెద్దలను మోసినవి. ఆ పిడి త్రిప్పునపుడు అద్దము బిగిసినచో ఆ బరువు మన చేతికే తెలిసెడిది. వెంటనే ఎవరో ఒకరు గాడి తుడిచెడివారు. ఇప్పుడా బరువును మోటారు మోయుచున్నది. దానికి నోరు లేదు గావున చెప్పజాలదు. మెల్లగించుటయే దాని భాష. ఆ భాష తెలిసికొనక నెలల తరబడి మీటను నొక్కుచు పోయినచో కడపట మోటారు నిజముగనే కాలిపోవును.

మా బంధువుల యింట ఒకరు పట్టణమున ఒక మరమ్మతుశాలకు ఇట్టి కారును కొనిపోగా, నాలుగు తలుపుల మోటారులను మార్చవలయునని చెప్పిరట. ఆ మొత్తము ఉపాధ్యాయుని యింట ఒక మాసపు వెచ్చములకు మించినది. నాలుగు మోటారులు ఒక్కమాఱుగ చెడుట యరుదు. నాలుగద్దములును కలిసి మందగించినచో, నాలుగింటికిని సమానమైన దేదో చెడినదని తలంపవలయును. అట్టివి దుమ్ము, ఎండిన రబ్బరు, బ్యాటరీ. ఒక్క అద్దము మాత్రమే మందగించినచో ఆ తలుపులోనే దోషమున్నది. ఈ ఒక్క విచారణ చేసికొని గడప దాటినచో సగము సొమ్ము నిలుచును. ఆ బంధువులును పిదప గాడులు తుడిపించుకొనగా మూడద్దములు సుఖముగ లేచినవి. నాల్గవదానికి మాత్రము మోటారు వేయింపవలసి వచ్చినది.

పరీక్షించు విధము చెప్పెదము. గడియారపు సెకనుల ముల్లు చూచుచు అద్దమును ఎత్తింపుడు. ఆరోగ్యముగ నున్న అద్దము నాలుగైదు సెకనులలో పైకి చేరును. మొదట ఇంజను ఆపి, తాళముచెవి మాత్రము త్రిప్పి చూడుడు. తరువాత ఇంజను నడపుచు చూడుడు. ఇంజను నిలిచియున్నపుడు బ్యాటరీలో పండ్రెండున్నర వోల్టు లుండును. ఇంజను నడచునపుడు సుమారు పదునాలుగు వోల్టులు వచ్చును. కావున కొంచెము భేద ముండుట సహజము. ఇంజను నడచునపుడు చుఱుకుగా లేచి, నిలిచినపుడు ప్రాకుచున్నచో బ్యాటరీని, దాని కొనలను పట్టిన తెల్లని చిలుమును చూపించుకొనుడు. రెండు వేళలను ఒకే తీరున ప్రాకుచున్నచో గాడినే యనుమానింపుడు. ఇక, నడపువారి తలుపుమీద నుండు మీటతో మందముగను, ఆ కిటికీ దగ్గఱి మీటతో చుఱుకుగను లేచుచున్నచో నడపువారి మీటలోని రాగిమొనలు మాడినవని తెలియవలయును. మీట మోటారుకంటె చాల చవుక. తలుపు తెఱచునపుడు కీలు దగ్గఱ రబ్బరుగొట్టములో వంగుచుండు తీగెల కట్ట యొకటి కనబడును. ఏండ్ల తరబడి వంగి వంగి అందులోని తీగె తెగుటయు కలదు. తలుపు ఒక కోణమున నున్నపుడు మాత్రమే అద్దము నడచినచో దోషము అచ్చటనే యున్నది.

గాడిని శుభ్రపఱచు పని మనది. ఇందులకు పాత పంచెగుడ్డ శ్రేష్ఠము. అద్దమును పూర్తిగా దింపి, ఇరుప్రక్కలను పైనను గల రబ్బరుగాడిలో, మొండికొన గల సన్నని చెక్కపుల్లకు గుడ్డ చుట్టి, కొంచెము సబ్బు కలిపిన గోరువెచ్చని నీట ముంచి పిండి, మెల్లగా లాగవలయును. మొదటి గుడ్డ కావిరంగునకు వచ్చును. అరకు దారిలో తిరిగిన కారైనచో మూడవ గుడ్డయు అట్లే వచ్చును. గుడ్డ తెల్లగ వచ్చువఱకు విడువరాదు. పదునైన చాకుగాని, ఇనుపచువ్వగాని పెట్టరాదు. గాడి లోపల మెత్తని నూగుపొర యుండును, అది చిఱిగినచో గాడినే మార్చవలయును. తడి పూర్తిగా ఆఱిన పిమ్మట సిలికాను స్ప్రే యను మందును, దానితో వచ్చు సన్నని గొట్టముతో గాడిలో పలుచగా కొట్టి, అద్దమును నాలుగైదుమాఱులు ఎక్కించి దింపవలయును. అద్దముమీద పడినదానిని తుడిచివేయుడు. ముందరి పెద్ద అద్దముమీద మాత్రము తుంపరయైనను పడనీయకుడు. వానలో అది మసకలు కట్టి దారి కనబడకుండ చేయును.

ఇచ్చట మన యిండ్లలోని యొక యలవాటును గూర్చి గట్టిగా చెప్పవలసియున్నది. తలుపు కిఱ్ఱుమన్న కొబ్బరినూనె, కుట్టుమిషను బిగిసిన కొబ్బరినూనె, తల నొచ్చిన కొబ్బరినూనె! కారుగాడికి మాత్రము వలదు. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీలకు లోపల గడ్డకట్టును. మాఘమాసపు ఉదయమున మా యరకులో తలకు రాచుకొనుటకు సీసాను పొయ్యిదగ్గఱ పెట్టుకొనువారమే గదా! అట్టి నూనె గాడిలో పోసినచో తెల్లవాఱుసరికి అద్దమునకు బంక పెట్టినట్లగును. ఆముదము జిగురై దుమ్మును పట్టును. ఇంజను ఆయిలు, పెట్రోలునుండి వచ్చు నూనెలు రబ్బరును ఉబ్బించి మెత్తబఱచును. తుప్పు వదలించుటకు అంగళ్లలో అమ్ము స్ప్రేలు ఆ పూటకు బాగుగ పనిచేసినట్లే తోచును, కొలది దినములకు గాడి మునుపటికంటె పొడిబాఱును.

పనిచేయునపుడు మీటను విరామము లేక నొక్కుచుండరాదు. మోటారు వేడెక్కినచో తనంతట ఆగు ఏర్పాటు చాల కార్లలో కలదు. అది చూచి “ఉన్నదియు పోయె” నని బెంగపడనక్కఱలేదు. పది పదునైదు నిమిషములు ఊరకున్నచో మరల కదలును.

గాడి శుభ్రమైనను, విద్యుత్తు సరిగ నున్నను అద్దము ప్రాకుచున్నచో తలుపు లోపల చూడవలయును. అద్దమును మోయు యంత్రమును రెగ్యులేటరందురు. కొన్నిట కత్తెరవలె ముడుచుకొను ఇనుపచేతులు, కొన్నిట కప్పీలమీద నడచు సన్నని ఇనుపత్రాడు ఉండును. త్రాడు పోగులు విడినచో పటపట చప్పుడు వినవచ్చును. అద్దము ఒక ప్రక్కకు ఒరుగును. ఈ పని మరమ్మతుచేయువానికే విడువుడు. దేవాసుర యుద్ధమున రథపు చీల యూడగా కైక తన వేలు దూర్చి దశరథుని కాపాడినదని పెద్దలు చెప్పుదురు. ఆ మహారాజ్ఞి సాహసము మనకు వలదు. కత్తెరవంటి యంత్రములో బిగువైన స్ప్రింగు పెట్టుదురు. అది విడివడినచో వేలు తిరిగి రాదు. మనము చేయవలసిన దేమనగా, దగ్గఱ నిలిచి చూచుట. తలుపు లోపలి అట్ట ఊడదీసిన పిమ్మట దానివెనుక ఒక ప్లాస్టికు పొర కనబడును. చాలమంది దానిని చింపి పాఱవేయుదురు. ఆ పొర లేనిచో వాననీరు తలుపు లోపలినుండి ఇంటిలోనికి, అనగా కారులోనికి, దిగి క్రింది తివాచీని తడుపును. దానిని మరల యథాస్థానమున అంటింపుమని పట్టుబట్టుడు. ఇనుపపట్టాలకు తెల్లని లిథియము గ్రీజు పూయింపుడు. మార్చిన పాతసామానును మన చేతి కిమ్మని యడుగుడు. అడుగుదురని తెలిసినవాడు అక్కఱలేనిది మార్చడు.

మోటారు నిజముగ చెడినదో లేదో తెలియుట కొక గుర్తు కలదు. మీట నొక్కియుంచి తలుపు నడుమ పిడికిలితో మెల్లగా తట్టినపుడు మాత్రమే అద్దము కదలుచున్నచో, మోటారులోని బొగ్గుతునకలు అఱిగినవని యర్థము. అట్టిచో వ్యయమునకు వెనుదీయుట తగదు. దారిలో అది పూర్తిగా నిలిచినచో ఒకరు మీట నొక్కుచుండగా మఱియొకరు రెండు అరచేతులతో అద్దమును ఇరువైపుల పట్టి పైకి నెట్టినచో చాలమాఱులు లేచును. అన్ని కిటికీలును ఒక్కమాఱుగ చచ్చినచో ఫ్యూజును చూడుడు. అది కొలది రూపాయల వస్తువు.

ఇక పైకప్పు కిటికీ, అనగా సన్‌రూఫ్. ఒకప్పుడు మన దేశమున ధనవంతుల కార్లకే యుండెడిది. 2014లో వచ్చిన హోండా సిటీవంటి వానితో మధ్యతరగతి యిండ్లకును వచ్చినది. అవియే నేడు చేతులు మాఱి పాతకార్లుగ మనవంటివారి వాకిళ్లలో నిలిచియున్నవి. మా ఆడపడుచుగారి కారును ఇట్టిదే. ఆమె ఏటేట సెలవులకు వచ్చినపుడు పిల్లలు మొదట పలుకరించునది మేనత్తను గాదు, ఆ కిటికీని. కిందటి వానకాలమున దానినుండి నీరు కాఱి ఆమె చీర తడిసినది. రబ్బరు పాడైనది, మొత్తము మార్చవలయునని ఆమె యూరిలో ఎవరో చెప్పిరట.

ఇందు తెలియవలసిన రహస్య మొకటి కలదు. ఆ రబ్బరు నీటిని పూర్తిగా ఆపుటకు పెట్టినది కాదు. కొంతనీరు లోనికి దిగుననియే యెంచి, అద్దము చుట్టును ఒక తొట్టివంటి చట్రమును, దాని మూలలనుండి స్తంభముల లోపలగా క్రిందికి దిగు సన్నని గొట్టములను అమర్చియుందురు. మన మండువాయింటి లోగిలిని తలంచుకొనుడు. వాన నడుమ పడుచునే యుండును, తూము దారిని పోవుచునే యుండును. తూములో ఆకులు చిక్కినచో ఇల్లంతయు చెఱువగును. మా కాఫీతోటలకు నీడగా పెంచు సిల్వరుఓకు చెట్ల ఆకులు సన్నగా చీలి ఎండి రాలుచుండును. ఆ చెట్లక్రింద రెండుదినములు కారు నిలిపినచో ఆ తూములను మూయుటకు అవియే చాలును. ఆడపడుచుగారి కారున చిక్కినవియు అవియే.

కిటికీని తెఱచి, మూలలలోని చెత్తను చేతితో నెత్తి, ఒక్కొక్క మూలలో చిన్నగ్లాసుతో నీరు మెల్లగా పోసి, కారుక్రింద ఆ ప్రక్కన నీరు కాఱుచున్నదో లేదో చూడవలయును. కాఱకున్నచో మెత్తని ప్లాస్టికు తీగెను కొంచెము కొంచెముగ దూర్చి తీయుడు. గాలియంత్రముతో బలముగ ఊదింపరాదు. లోపల గొట్టము కీలునుండి ఊడినచో కప్పంతయు విప్పవలసి వచ్చును. కిటికీ మందగించుటకు కారణము తఱచుగ దాని పట్టాలలో దుమ్ముతో కలిసి గట్టిపడిన పాతగ్రీజు. క్రొత్తది దానిపై పూయుట మాడిన గిన్నెలో పాలు కాచుట వంటిది. పాతదంతయు గుడ్డతో తీసివేసి, ఆ కారు పుస్తకములో చెప్పిన గ్రీజును పలుచగా పూయవలయును. బ్యాటరీ విప్పి పెట్టిన పిమ్మట కిటికీలును పైకప్పును సగములో నిలుచుటయు కలదు. అది చెడుట కాదు, మఱచుట. పూర్తిగా మూసిన స్థానమున మీటను కొన్నిసెకనులు పట్టియుంచినచో చాల కార్లలో మరల గుర్తు తెచ్చుకొనును. సరియైన విధము పుస్తకములో నుండును. వానలో తెఱచిన కప్పు మూతపడకున్నచో, దీపము దగ్గఱి చిన్నమూత క్రింద మఱచీల తాళముతో త్రిప్పి మూయు ఏర్పాటు చాల కార్లకు కలదు. అది ఎచ్చట నున్నదో బయలుదేఱక మునుపే చూచుకొనుడు.

2017వ సంవత్సరమునుండి మా యరకు వచ్చు రైలున గాజుకప్పు గల విస్టాడోము పెట్టెను పెట్టిరి. ఆ కప్పు తెఱచుకొనదు. ఆకాశము చూచుటకు కప్పు తెఱువ నక్కఱలేదని మా పిల్లలకు చెప్పుటకు మాకది మిక్కిలి యుపకరించినది. పర్యాటకుల కార్లు బొఱ్ఱాగుహల దారిలో పోవుచుండగా, పైకప్పులోనుండి ఇద్దఱు ముగ్గురు పిల్లలు నడుమువఱకు పైకి వచ్చి కేకలు వేయుచుండుట చూచినపుడెల్ల మా గుండె ఝల్లుమనును. మలుపులో బ్రేకు వేసినచో ఆ బిడ్డల కడుపు తగులునది ఇనుపచట్రపు అంచునకే. పదునాలుగేండ్లలోపు పిల్లలకు బెల్టుగాని, తగిన ఆసనముగాని లేక కారు నడపినవారికి 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము 1000 రూపాయల దండనము విధించినది. దండనము మాట యటుండనిండు.

మఱియొకటి. అద్దము బాగుపడిన దినముననే ఇంటిలో జాగ్రత్త పెరుగవలయును. ఏండ్ల తరబడి ప్రాకు అద్దమునకు అలవడిన పిల్లలు, అది తమ చేతిని చేరులోపల తీసికొనవచ్చునని నమ్మియుందురు. ఇప్పుడది నాలుగు సెకనులలో లేచును. క్రొత్త కార్లలో చేయి అడ్డువచ్చినచో అద్దము తానే వెనుకకు దిగు నేర్పాటు కొన్నింటికి కలదు. పాతవానిలో చాలవఱకు లేదు. పాతకార్ల మీటలలో కొన్ని పైకి లాగనక్కఱలేక నొక్కిననే అద్దమును లేపును. కిటికీలోనుండి తల బయటపెట్టిన బిడ్డ మోకాలు వానిపై పడిన చాలును. మేము మాయింట గాడి శుభ్రపఱచిన సాయంకాలము పిల్లలను పిలిచి, లేత బీరకాయను అద్దపు అంచున పెట్టి మీట నొక్కి చూపితిమి. బీరకాయ రెండుగ నలిగినది. పెద్దవాడు తన వ్రేళ్లను చూచుకొనెను. చిన్నది మరల చేసి చూపుమనెను! కావున నడపువారి తలుపుమీద నుండు, వెనుక మీటలను బంధించు మీటను ఎల్లప్పుడు నొక్కియుంచుడు. కారు దిగునపుడు, ఒక్క నిమిషమునకైనను, తాళముచెవిని కొంగున ముడివేసికొనుడు.

సముద్రతీరమున భీమునిపట్టణము, కాకినాడ ప్రాంతముల నుండు సోదరీమణులకు దుమ్ముకంటె ఉప్పుగాలి బాధ యెక్కువ యని వినుచున్నాము. ఆ తుప్పునకు వారు చేయు నుపాయము లేవైన నున్నచో వ్రాసి పంపినయెడల ఈ శీర్షికలో ప్రకటింతుము.